విరటుని కొలువు, మన కొలువు

వానలు వెనుకబట్టిన యేట విరాటపర్వము చదివించుట మన పెద్దలనాటి నుండి వచ్చుచున్న యాచారము. చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి తాలూకాల పల్లెలలో గుడి ముంగిటనో రచ్చబండ మీదనో ఒకరు తిక్కన పద్యము చదువగా, మఱొకరు అర్థము చెప్పగా, ఊరివారు కూర్చుండి వినెడివారు. అదే యరుగు మీద మఱునాడు కుమారవ్యాసుని కన్నడ భారతము వినవచ్చినను మనకది పరాయిగా తోచెడిది కాదు. మన కైవారమే భారతమునందలి ఏకచక్రపురమనియు, భీముడు బకాసురుని చంపినది అచ్చటనే యనియు నమ్మి భీమలింగేశ్వరుని కొలుచుచున్న సీమ మనది. పాండవులు మనకు దూరపు చుట్టములు కారు.

అయినను ఒక సంగతి విన్నవింపవలసి యున్నది. వానకొఱకు చదివించిన పర్వమును మనము వానకొఱకే విని లేచి వచ్చితిమి. కొలువు చేసి బ్రతుకువాని కష్టమును ఇంత లోతుగ చూచిన తెలుగు గ్రంథము మఱొకటి మాకు కనబడదు. ఆఱుగురు మనుష్యులు పేరులు మార్చుకొని, తమకంటె చిన్న రాజు నింట జీతగాండ్రై, ఒక సంవత్సరము నోరు కట్టుకొని బ్రతికిన కథ యిది. వంటవాడు, గుఱ్ఱముల కాపరి, పసుల కాపరి, ఆట నేర్పువాడు, జూదమున రాజునకు ప్రొద్దుపుచ్చువాడు, రాణికి గంధము తీయు పరిచారిక, ఇందఱును నౌకరులే. వారి మౌనమును గూర్చి తిక్కన యేమి చెప్పెను, దానిని మనమెట్లు అర్థము చేసికొంటిమి అను విషయమును ఇచ్చట విచారింపదలచితిమి.

ఈ విచారణకు ప్రేరణ మన యిండ్లలోనే కలదు. మన తాతలలో పెక్కుమంది సేద్యమునో కులవృత్తినో చిల్లర వర్తకమునో నమ్ముకొని బ్రతికిరి. మన పిల్లలు కొలువుగాండ్రు. ఒకడు తాలూకా కచ్చేరిలో నుండును. ఒకతె పాఠశాలలో నుండును. ఒకడు బ్యాంకులో నుండును. మఱికొందఱు తెల్లవాఱక మునుపే బస్సెక్కి బెంగుళూరు కంపెనీలకు పోయి చీకటి పడిన పిదప తిరిగి వత్తురు. శిడ్లఘట్టలో పట్టుగూళ్ళను మరుగునీట ఉడికించి దారము తీయు రీలింగు కార్ఖానాలలో మన యాడువారి చేతులు దినమంతయు వేడినీటనే నానుచుండును. పగలంతయు కన్నడమున, ఇంగ్లీషున "సరి సార్" అని వచ్చినవారు రాత్రి విస్తరి ముందు కూర్చుండి తెలుగున నిట్టూర్తురు. తాను చేయని తప్పునకు మాట పడుట, తాను చేసిన పని మఱొకని పేర పోవుట, సెలవడిగినచో పై యధికారి మొగము మాడ్చుకొనుట, వేళ ముగిసినను ఆయన లేచువఱకు తాను లేవరాకుండుట, ఇట్టి చిన్న చిన్న ముండ్లే దినదినమును గ్రుచ్చుకొనుచుండును. పెద్ద గాయమైన చూపి యేడువవచ్చును. ఈ ముండ్లు చూపుటకును సిగ్గుగా నుండును.

ఇది విని యింటి పెద్దలు చెప్పు మాట యొక్కటే: "ఓర్చుకో నాయనా, పైవారితో మనకెందుకు?" పెదవి దాటిన మాట పృథివి దాటునన్న సామెత వెంటనే వచ్చును. ఆ వెనుక, పైకి చెప్పని మాట యొకటి యున్నది: మనము వేఱు భాషవారము, నలుగురిలో తలవంచుకొని పోవుట మనకు క్షేమము అని. ఈ మాటలో కొంత నిజము లేకపోలేదు. కోపము వచ్చినపుడు తన కోపమునకు తగిన మాట ఎదుటివాని భాషలో తోచక నోరు తడబడుట మనలో పలువు రెఱిగినదే. అయినను అంతయు భాష మీద మోపుట సరి కాదు. రీలింగు కార్ఖానా యజమాని తెలుగువాడైనపుడును, పనివారు అతనిని "అన్నా" యనియో "మామా" యనియో పిలుచునపుడును, మౌనము తగ్గదు, మఱింత పెరుగును. వరుస పెట్టి పిలిచినవానిని కూలి లెక్క యడుగుట కష్టము. కావున ఈ మౌనము భాషలకు సంబంధించినది కాదు; అన్నము పెట్టు చేతికిని అన్నము తిను నోటికిని సంబంధించినది. తిక్కన చేపట్టినది సరిగా ఈ సంబంధమునే.

తిక్కన కొలువెఱుగని కవి కాడు. నెల్లూరు నేలిన మనుమసిద్ధికి మంత్రి. పదుమూడవ శతాబ్దమున రాజుల నడుమ మెలగినవాడు. తన రాజు రాజ్యభ్రష్టుడైనపుడు కాకతి గణపతిదేవుని కడకు పోయి సాయము వేడెనని ప్రసిద్ధి. నన్నయ విడిచినచోట అరణ్యపర్వశేషమును పట్టుకొనక, విరాటపర్వముతో తన భారత రచన నారంభించినవాడు. దానికి కారణములు పెద్దలు పలువిధముల చెప్పిరి. మాకు తోచునది చిన్న మాట: ఒక మంత్రి కవి కలము పట్టి మొట్టమొదట వ్రాసినది సేవకుల కథ. అది యాదృచ్ఛికమైనను కావచ్చును గాని, ఆ కథను అతడు ఎఱిగి వ్రాసెననుట మాత్రము ప్రతి పుటయందును తెలియుచుండును.

ప్రథమాశ్వాసమున పాండవులు మత్స్యదేశమునకు పయనమగునపుడు పురోహితుడైన ధౌమ్యుడు వారికి కొలువు తెఱగు బోధించును. మనలో పూర్వము పంతుళ్ళు చెప్పించి వల్లె వేయించిన పద్యములివే. రాజునకు సూటిగా ఎదుటను గాక, వెనుకను గాక, ప్రక్కన మెలగవలెను. తనకు తగిన స్థానమెఱిగి కూర్చుండవలెను. రాజభవనమును మించిన యిల్లు కట్టరాదు. రాజు వేషమును అనుకరింపరాదు. రాజు నమ్మెను గదా యని చనవు తీసికొనరాదు. ఆజ్ఞ మీఱిన రాజులు కొడుకులనైన మన్నింపరు. కొలువులో ఆవులింతయు తుమ్మును నవ్వును ఇతరుల కగపడనీయరాదు. అంతఃపురమువారితో పొత్తు పనికిరాదు. కొలువులో విన్నది వెలుపల చెప్పరాదు. ఎండకు వానకు ఓర్చి, ఆకలి నిద్రల నెంచక పని చేయవలెను.

ఈ పద్యములను విడదీసి పాఠముగ చదువుకొన్న వానికి భారతము బానిసత్వమును బోధించుచున్నట్లు తోచును. నేడు మొదటి దినము కంపెనీకి పోవు పిల్లవానికి మేనేజరును గూర్చి మనము చెప్పు హెచ్చరికలు గూడ ఇంచుమించు ఇవే. ఎనిమిదివందల యేండ్లకు వాహనములు మాఱెను, వేషములు మాఱెను. పై యధికారి బల్లకు ఏ ప్రక్క నిలువవలెనను ప్రశ్న మాఱలేదు. ఇందు ధౌమ్యుని సూక్ష్మదృష్టిని మెచ్చుకొనవలసినదే. ఆయన సేవకుని ఉత్తముని చేయుటకు యత్నింపలేదు. సేవకుని బ్రతికించుటకు యత్నించెను. రెండింటికిని భేదము కలదు.

కాని ఈ బోధకు రెండు అంచులున్నవి. మనము చదువునపుడు ఆ రెంటిని కత్తిరించితిమి. మొదటిది గడువు. ఈ నియమములు ఒక్క యేటికి. అజ్ఞాతవాసమున గుర్తింపబడినచో మరల పండ్రెండేండ్లు అరణ్యము తప్పదను భయముండుటచే, ఆ యేడు నిండువఱకు ఓర్చుకొనుటకు చెప్పిన మందిది. రెండవది, ఇది తామెవరో తామెఱిగినవారికి చెప్పిన మాట. కంకుడు తాను ధర్మరాజునని ఒక్క నిమిషమైనను మఱవడు. వలలుడు గరిటె పట్టినను గద పట్టిన చేయి తనదేయని యెఱుగును. ఆయుధములు జమ్మిచెట్టు మీద భద్రముగా నున్నవి. గడువు లేని మౌనము, జమ్మిచెట్టు లేని మౌనము ధౌమ్యుడు బోధింపలేదు. మనము ఏటికి చెప్పిన మందును జన్మమంతయు త్రాగి, దానికి వినయమను పేరు పెట్టుకొంటిమి.

తిక్కన ఈ బోధను ఇచ్చటనే విడిచి పెట్టలేదు. దానిని పరీక్షకు పెట్టెను. ఆ పరీక్షయే కీచక కథ. 1963లో వచ్చిన 'నర్తనశాల' చిత్రము చూడని తెలుగు కుటుంబము మన ప్రాంతమున అరుదు. అందుచే కథ వివరింప నక్కఱలేదు. మనము చూడవలసినది సభాఘట్టము.

రాణి పంపగా కీచకుని యింటికి కల్లునకు పోయిన సైరంధ్రి, వాని బారినుండి తప్పించుకొని సభకు పరుగెత్తి వచ్చును. వాడు వెంటబడి, రాజు చూచుచుండగనే ఆమెను పడదన్నును. ఇంత జరిగిన సభలో మౌనము మూడు విధముల నున్నది. విరటుని మౌనము మొదటిది. అతడు రాజు, న్యాయము చెప్పవలసినవాడు. కాని సేనాపతియైన బావమఱది బలము మీద రాజ్యము నిలిచి యున్నది. కావున మీ తగవు పూర్వాపరములు నాకు తెలియవని తప్పించుకొనును. సభ్యులలో కొందఱు ఆమెపై జాలిపడుదురు. వాని చేయి పట్టుకొని నిలిపినవాడొక్కడును లేడు. ఇది రెండవది. మూడవది పాండవుల మౌనము. వంటవాడు చెట్టువంక చూచును. కంకుడు, వంటకట్టెలు కావలసిన వెలుపల వెదకికొమ్మని గూఢముగ పలికి అతనిని వారించును. ఆ సమయమున ధర్మరాజు నొసట చెమట పట్టెనని మూలభారతము చెప్పుచున్నది. ఆ చెమట యొక్కటియే ఆ మౌనమును తక్కిన రెంటినుండి వేఱు చేయుచున్నది.

వెలుపలికి మూడును ఒక్క తీరుననే కనబడును. ముగ్గురును మాటాడలేదు. కాని ఒకరిది లాభమునకు, ఒకరిది భయమునకు, ఒకరిది ప్రతిజ్ఞకు. మౌనమును చూచి మనుష్యుని నిర్ణయింపరాదనియు, అది దేని కొఱకని యడుగవలెననియు తిక్కన మనకు నేర్పుచున్నాడు. అంతటితో ధర్మరాజును విడిచి పెట్టెనా? లేదు. ఏడ్చుచున్న ద్రౌపదిని కంకుడు, నాటకమాడు దానివలె సభలో నిలువక లోనికి పొమ్మని కసరినపుడు, ఆమె తన మగడే నటుడును జూదరియు నైనపుడు తనకు మఱియొక నడత యెట్లు వచ్చునని తిరిగి పలుకును. ఈ మాట విరటునకు అర్థము కాదు, వినవలసినవానికి తగులును. నియమము సరియైనదే యైనను, ఆ నియమమునకు వెల చెల్లించుచున్నవారు వేఱొకరైనపుడు, వారు అడుగు ప్రశ్నకు జవాబు లేదు.

ఇచ్చట మా సంగతి యొకటి చెప్పుకొనక తప్పదు. చాల యేండ్ల క్రిందట మేము ఒక కచ్చేరిలో లెక్కల పని చేయుచుంటిమి. ఒక దినము ముఖ్యమైన కాగితము కనబడలేదని పై యధికారి మా ప్రక్క బల్ల కుఱ్ఱవానిని నలుగురి యెదుట నిందించెను. ఆ కాగితమును అధికారియే తన సొరుగులో వేసికొనుట మేము కన్నులార చూచితిమి. మాటాడలేదు. అడుగనిదే చెప్పరాదను సూత్రము మాకు కంఠస్థము. ఆనాడు అది మాకు చక్కని మఱుగైనది. ఆ యేటి ఇంక్రిమెంటు కుఱ్ఱవానికి నిలిచిపోయెను. కాగితము తరువాత దొరికినది గాని నింద కొట్టివేయబడలేదు. ఆ పిల్లవాడు మమ్ము "అన్నా" యని పిలుచుచుండెడివాడు. ఆ తరువాతను అట్లే పిలిచెను. ఆ పిలుపు విన్నప్పుడెల్ల మేము పాండవులమా, సభ్యులమా యని ప్రశ్నించుకొంటిమి. మా నొసట చెమట పట్టిన జ్ఞాపకము లేదు.

సభలో దొరకని న్యాయము కొఱకు ద్రౌపది ఆ రాత్రి వంటయింటికి పోవును. కొలువు కథలలో ఇంత సహజమైన ఘట్టము లేదు. పగటి మాట రాత్రి వంటయింట బయటపడుట మన యిండ్లలో నేటికిని జరుగుచున్నదే. మూలభారతమున ఆమె గంధము తీసి తీసి కాయలు కాచిన చేతులను భీమునకు చూపును. అతడు ఆ చేతులను తన మొగమున కదుముకొని యేడ్చును. రీలింగు కార్ఖానా నుండి వచ్చిన తల్లి చేతుల తోలు తెల్లగా పాలిపోయి యుండుట చూచిన బిడ్డలకు ఈ ఘట్టమునకు వ్యాఖ్యానము వలదు. భీముడు మొదట ఓర్చుకొమ్మనును. ఇంక నెలన్నర మాత్రమే కలదని మూలమున లెక్కయు చెప్పును. ఆమె యొప్పుకొనదు. ధర్మరాజు వలన తనకు వచ్చిన దుఃఖమును చెప్పుకొనును. మరల ఆయన పూర్వవైభవమును తానే తలచుకొని పొగడును. ఆ పద్యమును మనము సభలలో రాగమెత్తి పాడుకొందుము. అది ఒక నౌకరు వంటయింటిలో అర్ధరాత్రి ఏడ్చుచు పలికిన మాట యని మాత్రము తలపోయము.

ద్రౌపది ఒప్పుకొనకపోవుటలోనే ఈ పర్వపు నీతి యున్నదని మా యభిప్రాయము. తనకు మాట పడినపుడు ఓర్చుకొనుటకు గడువు పెట్టుకొనవచ్చును. మానమునకు హాని వచ్చినపుడు గడువు చెల్లదు. ఆమెకు రాజసభలో దొరకనిది నర్తనశాల చీకటిలో దొరికెను. అది ఆ కాలపు సంగతి. మన కాలమున చీకటి వలదు. 1997లో సుప్రీంకోర్టు చెప్పిన విశాఖ తీర్పును, దాని వెనుక వచ్చిన 2013 నాటి చట్టమును మన యాడుబిడ్డలు ఎఱిగి యుండవలెను. పదిమందియు అంతకు మించియు పని చేయు ప్రతి చోటను ఫిర్యాదు వినుటకు ఆంతరంగిక సమితి యుండవలెననియు, జరిగిన మూడు నెలలలోపల వ్రాతపూర్వకముగా ఫిర్యాదు చేయవచ్చుననియు ఆ చట్టము చెప్పుచున్నది. పూర్వాపరములు మాకు తెలియవని విరటుడు తప్పించుకొన్న ద్వారమును ఆ చట్టము మూసివేయ జూచినది. కాని ద్వారము మూయుటకు మొదట ఒకరు సభకు పరుగెత్తి రావలెను. ఆమె యింటికి వచ్చి చెప్పుకొన్నపుడు మనము "ఎవరితోను అనకు" అన్నచో, చట్టము పుస్తకముననే యుండును.

తెలుగు సాహిత్యమున ఈ బాధకు చెప్పిన చికిత్సలు మఱి కొన్ని గలవు. వానిని గూడ పోల్చి చూచుట యుచితము. బద్దెనదని చెప్పబడు సుమతి శతకము నిష్క్రమణమును బోధించుచున్నది. అడిగినను జీతము రాల్చని గర్విష్ఠి యజమానుని వదలి సొంత సేద్యము చేసికొమ్మని దాని సలహా. మంచి సలహాయే, కాని మన సీమలో దానిని పాటించుట యెట్లు? జీవనది లేని ప్రదేశము. చెఱువులు వాననే నమ్ముకొన్నవి. వేయి అడుగులు దాటి త్రవ్వినను నీరు పడని బోరుబావులు ఊరూరను గలవు. బోరు బాకీ తీర్చుటకే కొడుకు కొలువునకు పోయిన యిండ్లు మనలో నున్నవి. వానికి శతకకారుని వాక్యము చెప్పుట వెక్కిరించినట్లగును. నోరు మూసికొన్న ప్రతివానిని పిఱికివాడనుటకు మాకు నోరు రాకుండుట ఇందుచేతనే.

భక్తకవులు మఱియొక త్రోవ చూపిరి. గోల్కొండ తానీషా కొలువులో పాల్వంచ తహశీలుదారుగా నుండిన కంచెర్ల గోపన్న, సర్కారు సొమ్ముతో భద్రాచలమున గుడి కట్టించి చెఱసాల పాలయ్యెను. నవాబును ఒక్క మాట యనలేని యా యుద్యోగి, చేయించిన నగల లెక్క నప్పజెప్పి రాముని నిలదీసెను. మన భజన మందిరములలో రామదాసు కీర్తన పాడునపుడు జనుల కంఠములు పైకి లేచుటకు భక్తి యొక్కటే కారణము కాదని మాకు తోచును. పగలు అనలేనిది అచ్చట అనుటకు అనుమతి కలదు. మన కైవారము తాతయ్య, గాజులమ్మి బ్రతికిన నారేయణయోగి, తెలుగునను కన్నడమునను పాడి, లోకపు పోకడలను దాపరికము లేక విమర్శించెను. ఈ పాటలు గుండె బరువు దింపును. దింపుట మేలే. కాని భజన ముగిసిన మఱునాడు కచ్చేరిలో సొరుగులోని కాగితము సొరుగులోనే యుండును. దేవుని ముందు నోరు తెఱచుట, మనుష్యుని ముందు నోరు తెఱచుటకు అలవాటు కావలెను గాని బదులు కారాదు.

నవీనులలో ఆత్రేయ 'ఎన్.జి.ఓ.' నాటకమున చిన్న గుమాస్తా కాపురమును రంగస్థలము మీదికి తెచ్చెను. అట్టి రచనలు గుమాస్తా పేదఱికమును చక్కగ చూపినవి. పేదఱికము తీఱిన పిదపను తీఱని మౌనమును గూర్చి వ్రాసినవారు తక్కువ. జీతములు పెరిగిన మన కాలమున నోళ్ళు అంతకంతకు పెరుగలేదనుట అందఱెఱిగినదే.

పుస్తకములు చాలును; మన నేలనుండియే ఒక యుదాహరణము. చిక్కబళ్ళాపురమునకు చేరువనున్న ముద్దేనహళ్ళిలో పుట్టిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య మనవారలకు ఇంజనీరుగనే పరిచితుడు. పూర్వులు మోక్షగుండమునుండి వచ్చిన తెలుగువారు. ఆయన 1908లో బొంబాయి ప్రభుత్వపు కొలువును తనంతట తాను విడిచెను. 1912లో మైసూరు దివానై, 1918లో ఆ పదవిని గూడ విడిచెను. వెనుకబడిన కులములవారికి ఉద్యోగములలో చోటు కల్పించు విషయమై మహారాజు నియమించిన మిల్లర్ సమితి నాటి యభిప్రాయభేదము దానికి కారణము. ప్రభువునకు నచ్చని మాట చెప్పుట, చెప్పి ఫలింపనపుడు పదవి నంటిపెట్టుకొనకుండుట, ఈ రెండును ఆదర్శములే. అయినను విమర్శకుడు సగము చెప్పి యూరకుండరాదు. ఆనాడు ఆయన వ్యతిరేకించిన ఏర్పాటు వలననే కచ్చేరి గడప తొక్కిన కుటుంబములు మన పాఠకులలో పెక్కు గలవు. ధైర్యము గలవాని మాట ప్రతిసారియు సరియైనది కానక్కఱలేదు. మఱియు, దివాను పదవి విడుచుట వేఱు, దినకూలి విడుచుట వేఱు. విశ్వేశ్వరయ్య చేసినది అందఱును చేయలేరు. అందఱును చేయదగినది ఏది యను ప్రశ్న మిగిలియే యున్నది.

దానికి జవాబు విరాటపర్వము ముగియవచ్చుచుండగా దొరకును. ఉత్తరుడు కౌరవులను గెలిచెనని వార్త వచ్చినది. విరటుడు పొంగిపోయి కంకునితో జూదమాడుచు కొడుకును పొగడుచున్నాడు. బృహన్నల సారథియైనపుడు గెలుపునకు లోటేమని కంకుడనును. రాజు మొగము మాడ్చుకొనును. కంకుడు ఆ మాటనే మరల చెప్పును. రాజు పాచికలతో మొగమున కొట్టును. ముక్కునుండి నెత్తురు కారును. ఆ నెత్తురు నేల పడకుండ సైరంధ్రి పాత్ర తెచ్చి పట్టును.

కంకుడు ఇచ్చట ధౌమ్యుని సూత్రములను ఒక్కొక్కటిగా మీఱినాడు. రాజు మెచ్చని మాట చెప్పినాడు. పదే పదే చెప్పినాడు. రాజు కొడుకు కీర్తికి అడ్డు వచ్చినాడు. ఏమి మాఱినది? గడువు తీఱినది. సభలో ద్రౌపదిని కసరిన ఆ మనుష్యుడే, గడువు తీఱిన పిదప, మఱొకనికి దక్కవలసిన ఖ్యాతి మఱొకనికి పోవుచుండగా చూచి యూరకుండలేదు. తన గొప్ప కొఱకు అతడు మాటాడలేదు; పని చేసినది బృహన్నల, ఆ పేరు బృహన్నలకు రావలెనని మాటాడినాడు. కచ్చేరి భాషలో చెప్పవలసినచో, ప్రక్క బల్లవాని కొఱకు నోరు విప్పినాడు. అంతకంటె పెద్ద సాహసమును పర్వము అందఱి నుండి కోరుటలేదు.

ఆ పాత్ర పట్టిన సైరంధ్రిని గూడ మఱవరాదు. తన్నులు తిన్ననాడు తనకు అడ్డు రాని మగని నెత్తురు నేల పాలు కానీయలేదు. దెబ్బ తిన్నవాని ప్రక్కన నిలిచి చూచినవారు ఒకరున్నారని తెలియుట, దెబ్బ తిన్నవానికి సగము బలము. మన కుఱ్ఱవాని ప్రక్కన మేము అట్లు నిలిచి యుండినచో, వాని ఇంక్రిమెంటు నిలిచినను మనసు నిలిచి యుండెడిది.

వానలు మరల వెనుకబట్టుచున్న యేండ్లివి. విరాటపర్వము చదివించువారు మన యూళ్ళలో నేటికిని గలరు. వారికి మా విన్నపమొకటి. కొలువునకు పోవు పిల్లలను గూడ పిలిపించి కూర్చుండబెట్టుడు. మొదటి దినము ధౌమ్యుని మాటలు చెప్పుడు. అవి వారికి పనికి వచ్చును. కాని చీకటి పడెనని ఆ పుటలోనే పుస్తకము కట్టివేయక, సభలో ద్రౌపది అడిగిన ప్రశ్న వఱకును, కంకుని నెత్తురు వఱకును చదివించుడు. అర్థము చెప్పువారు ఆ రెండు చోట్ల కొంచెము తడవు నిలిచి, తెలుగునను కన్నడమునను చెప్పిన మఱియు మంచిది. ఆ రాత్రి యింటికి వచ్చిన పిల్లవాడు విస్తరి ముందు కచ్చేరి సంగతి యెత్తినపుడు, "ఓర్చుకో" యనుటకు ముందు "ఎన్నాళ్ళు?" అని యొక మాట యడుగుదము.